ఆ బార్ చార్టు తీసేయండి: అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ట్రస్టీలకు, ముఖ్యంగా మహాసభల ప్రత్యేక సంచిక వేసే సావనీర్ కమిటీలకు నమస్కారం.

ఎవరి పిల్లాడైనా హైవే మీద ప్రమాదంలో పోతే అర్ధరాత్రి మొదట ఫోన్ ఎత్తేది మీ వాలంటీర్లే. ఆ పని విలువ నాకు తెలుసు, కొన్నాళ్లు నేనూ చేశాను. ఈ లేఖ ఆ పని గురించి కాదు, మహాసభల్లో తెర మీద వేసే, జాతులవారీగా ఆదాయాలకు ర్యాంకులిచ్చే ఒక చార్టు గురించి.

దీని మీద ముందు ఈమెయిల్ రాశాను. "నోటెడ్ అండీ, థాంక్యూ" అని జవాబొచ్చింది. జనరల్ బాడీ మీటింగులో లేచి అడిగితే, "ఇది సంబరాల వేదిక, నెగెటివిటీ వద్దమ్మా" అన్నారు. ఆ తర్వాతి సావనీర్లో అదే చార్టు ఈసారి రంగుల్లో వచ్చింది. అందుకే అందరి ముందూ రాస్తున్నాను. ఏ ఒక్క సంఘం పేరూ ఎత్తడం లేదు. దాదాపు అందరూ ఇదే చేస్తున్నారు కాబట్టి ఎవరికి వారు తమకే అనుకుంటే మంచిదే.

చూడనివాళ్ల కోసం చెబుతాను. నగల దుకాణం ప్రకటనకు ఎదురు పేజీలో నిండుగా ఒక బొమ్మ. ఎడమ పక్క నారింజ రంగులో పేజీ ఎత్తున ఒక గీత, దాని మీద "ఇండియన్ అమెరికన్స్". అక్కణ్ణుంచి కుడికి మెట్లు దిగినట్టు చైనీయులు, తెల్లవాళ్లు, చివరికి బూడిద రంగులో పొట్టిగా మెక్సికన్లు, నల్లజాతివాళ్లు. కింద మూడు మాటలు: క్రమశిక్షణ, కుటుంబ విలువలు, చదువు. అంటే ఆ పొట్టి గీతల వాళ్లకు ఈ మూడూ లేవని చదివేవాడు అర్థం చేసుకోవాలన్నమాట.

యువజన కార్యక్రమంలో ఈ స్లైడే వేసినప్పుడు పదో తరగతి కుర్రాడొకడు మైకు తీసుకుని అడిగాడు: "మా తాతగారు కూడా చేతిలో ఏమీ లేకుండానే వచ్చారు కదా, మరి వాళ్లెందుకు పైకి రాలేకపోయారు?" హాలంతా చప్పట్లు. వేదిక మీద ఉన్న డాక్టర్లు, కంపెనీల యజమానులు, ఒక ప్రొఫెసరు చిరునవ్వుతో తలూపారు తప్ప ఒక్కరూ జవాబు చెప్పలేదు. కుర్రాడిని తప్పుపట్టను. వాడు అడిగింది నిజంగా అడగాల్సిన ప్రశ్నే, దానికి జవాబూ ఉంది. చెప్పాల్సిన పెద్దవాళ్లే చప్పట్లు కొట్టి ఊరుకున్నారు.

చార్టులో అంకెలు అబద్ధం కాదు. 2019లో అమెరికాలోని భారతీయ కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం దాదాపు 1,19,000 డాలర్లని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ లెక్క. దేశం మొత్తానికి ఆ ఏడాది అది 68,700 డాలర్లు. నల్లజాతి కుటుంబాలకు 45 వేల చిల్లర. కానీ అదే ప్యూ లెక్కల్లో ఇంకో అంకె ఉంది. 25 ఏళ్లు దాటిన భారతీయుల్లో 75 శాతం మందికి డిగ్రీ ఉంది. అమెరికా మొత్తం మీద డిగ్రీ ఉన్నవాళ్లు 33 శాతమే. మరి ఇండియాలో? పదిమంది పెద్దవాళ్లలో ఒకరో ఇద్దరో. అంటే ఇక్కడున్నది ఇండియా కాదు, ఇండియాలోంచి జల్లెడ పట్టి తీసిన కొద్దిమంది. జల్లెడ పట్టింది కూడా ఒకసారి కాదు. సీటు తెచ్చుకుని చదివినవాళ్లను ఎంసెట్, ఐఐటీ ప్రవేశ పరీక్షలు ఒకసారి పట్టాయి. వీసా ఫీజులు, విమానం ఖర్చు, ఇక్కడి చదువు ఫీజులు కట్టగలిగిన ఇళ్లేవో అన్నది ఇంకోసారి పట్టింది. చివర్లో అమెరికా చట్టం పట్టింది.

ఆ చట్టం సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు. 1917లో అమెరికా ఇండియాతో సహా ఆసియాలో చాలా దేశాలవాళ్లకు తలుపులు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్లు కారు గనక పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. 1946లో కాస్త దయ తలచి ఇండియాకు ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. ఇంత దేశానికి వంద! తలుపు నిజంగా తెరుచుకుంది 1965 అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టినప్పుడు. అదే ఏడాది మార్చిలో అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు అడిగిన నల్లజాతివాళ్లను పోలీసులు లాఠీలతో చావగొట్టారు. మనుషుల్ని జాతినిబట్టి లెక్కగట్టకూడదని వాళ్లు వీధుల్లో దెబ్బలు తిని దేశాన్ని ఒప్పించాకే, జాతులవారీ వలస కోటాలు నిలబడలేక పోయాయి. మన మొదటి తరం డాక్టర్లు గుంటూరు నుంచి, విశాఖ నుంచి, ఉస్మానియా నుంచి వచ్చింది ఆ తలుపులోంచే. అదే ఏడాది వృద్ధుల ఆరోగ్య బీమా కోసం మెడికేర్ పథకం తెచ్చి ఆస్పత్రుల్లో డాక్టర్లు చాలక అమెరికా వెతుక్కుంటున్న సమయమది. ఆ డాక్టర్లు ఎంబీబీఎస్ చదివింది దాదాపు ఉచితంగా, ప్రభుత్వ కాలేజీలో, రైతులూ కూలీలూ కట్టిన పన్నులతో. ఆ తాతగారు ఏమీ లేకుండా వచ్చారంటే నేనొప్పుకోను. జేబులో ఎనిమిది డాలర్లే ఉండొచ్చు, చేతిలో ఒక దేశం ఖర్చుపెట్టి ఇచ్చిన పట్టా ఉంది.

అటు నల్లజాతివాళ్ల వైపు చూడండి. 1934లో మొదలైన ఫెడరల్ గృహ రుణ బీమా నల్లజాతి పేటలకు వర్తించలేదు. మ్యాపుల మీద ఎర్ర రంగు పూసి, ఇక్కడ అప్పు ఇవ్వొద్దని గీత గీశారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 చట్టం కింద ఇంటి అప్పులు, కాలేజీ ఫీజులు దక్కితే, యుద్ధం చేసిన నల్లజాతి సైనికుల్లో చాలామందికి స్థానిక బ్యాంకులూ అధికారులూ అవి దక్కనివ్వలేదు. ఇల్లమ్మడంలో జాతి వివక్ష చూపకూడదని చట్టం వచ్చింది 1968లో. మన ఊళ్లో ఎకరం పొలం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ మూడు తరాల్లో ఎంత తేడా వస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తేడానే ఇక్కడ చట్టం చేసి మరీ పెట్టారు.

"అదంతా వాళ్ల కథ, మన కష్టం మనది" అంటారని తెలుసు. సరే, నల్లజాతివాళ్లను పక్కన పెడదాం. తెలుగువాళ్లనే తెలుగువాళ్లతో పోల్చి చూద్దాం.

వందేళ్ల కిందట కాకినాడ వంటి కోస్తా రేవుల నుంచి ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్లినవాళ్లు మనవాళ్లే. ఓడరేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు. వాళ్లను అక్కడివాళ్లు, కాకినాడ పక్కనున్న పాత కోరంగి రేవు పేరు పెట్టి, 'కోరంగీలు' అని ఈసడించుకునేవారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో ఎంతోమంది తెలుగు కూలీలు చచ్చిపోయారు. 1942లో జపాన్ దండెత్తినప్పుడు లక్షలాది భారతీయులు అడవుల్లోంచి నడిచి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేట ఇప్పటికీ ఉంది, వెళ్లి అడిగితే ముసలివాళ్లు చెబుతారు. వాళ్లకు క్రమశిక్షణ తక్కువైందా? కుటుంబ విలువలు లేవా? ఇప్పుడు అమెరికాలో చూస్తే తారుమారైంది. బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కరెన్, చిన్ తెగలవాళ్లు ఇండియానా వంటి చోట్ల ఫ్యాక్టరీల్లో, మాంసం కోసే ప్లాంట్లలో నిలబడి పనిచేస్తున్నారు. 2019లో బర్మీస్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం 44,400 డాలర్లు, నాలుగో వంతు మంది పేదరికంలో ఉన్నారు. మీ చార్టులో వాళ్లకు గీతే లేదు. మామూలు మాటల్లో మాత్రం వాళ్లూ 'ఏషియన్లే', క్రమశిక్షణ గల జాతి కిందే లెక్క. శరణార్థుల గేటులోంచి వచ్చినవాళ్లు ఒక చోట తేలారు, చదువుకున్న ఉద్యోగులకిచ్చే హెచ్-1బీ వీసా గేటులోంచి వచ్చినవాళ్లు ఇంకో చోట తేలారు. ఏటా మంజూరయ్యే హెచ్-1బీల్లో 70 శాతానికి పైగా భారతీయులవే అన్నప్పుడు మన గీత పొడుగ్గా ఉండక ఏమవుతుంది? చదువుకున్నవాళ్లే ఎక్కువగా వచ్చిన నైజీరియా వలసదారుల్లోనూ సగానికి పైగా డిగ్రీలున్నవాళ్లే. వాళ్లు నల్లవాళ్లే కదా, మరి మీ సిద్ధాంతంలో వాళ్లనెక్కడ పెడతారు?

పాత కథలెందుకు, ఇవాళ్టి సంగతే చూద్దాం. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో ఒకే ఇంట్లో ఇద్దరన్నదమ్ములు బయల్దేరతారు. చిన్నవాడు ఇంజినీరింగ్ చేసి డాలస్ వస్తాడు. పదో తరగతి పాసవ్వని పెద్దవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని పడుతుంది, ఏజెంటుకు డబ్బు కట్టి, ఎక్కడైనా పని చేసుకోవచ్చని అమ్మే 'ఆజాద్ వీసా' మీద గల్ఫ్ పోతాడు. పాస్‌పోర్టు ఖఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర ఉంటుంది. చెప్పిన జీతం ఇవ్వకపోతే పని వదిలి బయటపడతాడు, ఆ రోజు నుంచి వాడు 'ఖల్లివల్లి', అంటే కాగితం లేని మనిషి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనలేదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లదీ ఇదే దారి. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, విలువలూ ఒకటే. గేటు వేరు. డాలస్ తమ్ముడు అన్నకన్నా ఎక్కువ కష్టపడ్డాడని ఆ తల్లి ముందు నిలబడి చెప్పగలరా?

ఇంకో మాట కూడా అనేస్తాను, కొందరికి నచ్చదు. ఇక్కడున్న మనం తెలుగు సమాజానికి నమూనా కూడా కాదు. 2020 నాటి కార్నెగీ పరిశోధన సంస్థ సర్వేలో, కులం చెప్పుకున్న హిందూ ఇండియన్ అమెరికన్లలో పదిమందికి ఎనిమిది మందికి పైగా తమది అగ్రకులం, జనరల్ కేటగిరీ అన్నారు. మన మహాసభల భోజనాల హాల్లో ఒకసారి చుట్టూ చూస్తే ఆ సర్వే కూడా అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఒక చార్టు వల్ల ఎవరికి ఏం నష్టమని ట్రస్టీ ఒకరు నన్ను అడిగారు. ఇదిగో.

1. అప్పు చేసే తల్లిదండ్రులు. ఊళ్లో కన్సల్టెన్సీ బ్రోచర్ల మీదా ఇదే అంకె ఉంటుంది. దాన్ని చూసి పొలం కుదువ పెట్టి 40, 50 లక్షలు తెచ్చి పిల్లల్ని ఎంఎస్‌కు పంపుతారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన ఆంధ్ర పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. 2019లో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీని ప్రభుత్వమే పెట్టి వల పన్నితే, మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయ విద్యార్థులు. వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతమందో మీ హెల్ప్‌లైన్లకు తెలుసు.

2. సగటు కింద నలిగిపోయేవాళ్లు. నేను ఎత్తిన ఫోన్లలో ఒకటి చెబుతాను. గ్యాస్ స్టేషన్లో (పెట్రోలు బంకులో) రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు, చేతికి క్యాష్, రెండు గదుల అపార్టుమెంట్లో ఎనిమిది మంది. క్యాష్ కౌంటర్ దగ్గర దొంగ తుపాకీ పెడితే పోలీసులకు ఫోన్ చేయాలా వద్దా అని మమ్మల్ని అడిగాడు, తను అక్కడ పనిచేస్తున్నట్టు రికార్డయితే వీసా పోతుందని. నాన్నకు మాత్రం క్యాంపస్ జాబ్ అని చెప్పాడట. సహాయం అడగాలంటే ముందు సిగ్గు అడ్డమొస్తోంది, ఎందుకంటే మన జాతి నంబర్ వన్ కదా! హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద ఉండి, 2015లో వచ్చిన వర్క్ పర్మిట్ నిబంధన తనకు వర్తించక, కొట్టే మొగుడి ఇంట్లోంచి బయటికి రాలేని ఆడపిల్లలదీ అంతే. మనవల్ని చూసుకోవడానికి వచ్చి ఇన్సూరెన్స్ లేక నొప్పిని దాచుకునే అమ్మానాన్నలదీ అంతే. వీళ్లు చార్టులో కనిపించరు, కౌంటీ (జిల్లా) ఆఫీసుల బడ్జెట్లోనూ కనిపించరు. "మీవాళ్లు బాగానే ఉన్నారుగా" అంటారు అక్కడ.

3. పిల్లలు. ఇంట్లో ఒకడికి పేరున్న కాలేజీలో సీటు రాకపోతే చుట్టాల ఫోన్లు ఎత్తడం మానేసే ఇళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ టెన్షన్ ఒక పక్క. ఇంకో పక్క, పక్క బెంచీలో కూర్చున్న నల్లపిల్లను చూసి 'వీళ్లింతే' అనుకోవడం మన వేదికల మీదే నేర్చుకుంటున్నారు. అది వాళ్లు రేపు డాక్టరయ్యాక, మేనేజరయ్యాక ఎవరి మీద చూపిస్తారో ఆలోచించండి.

4. భద్రత. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను చంపినవాడు ఆయన జీతం అడగలేదు. ఇరానీ అనుకుని కాల్చాడు. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయుల్ని సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడూ, సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడూ, 'వీళ్లు మన ఉద్యోగాలు తన్నుకుపోతున్నారు' అనేవాళ్లు చూపించింది మనం గర్వంగా చెప్పుకునే అంకెలనే. అలాంటప్పుడు వీధిలో మన పక్కన నిలబడి మాట్లాడాల్సింది ఎవరు? చార్టులో పొట్టి గీతల వాళ్లే. వాళ్లను ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాం?

కష్టపడలేదని నేనెవర్నీ అనడం లేదు. కూరగాయల బిల్లు కూడా రూపాయల్లోకి మార్చుకుని చూసుకున్న రోజులు మా ఇంట్లోనూ ఉన్నాయి. పోలికలే వద్దని కూడా అనడం లేదు. జాతులవారీ లెక్కలు లేకపోతే ఎవరికి అన్యాయం జరుగుతోందో తెలిసే దారి లేదు. పోల్చేటప్పుడు సమానమైనవాటిని పోల్చండి. ఎంఎస్ చదివిన భారతీయ ఇంజినీరు పక్కన అదే ఊళ్లో ఎంఎస్ చదివిన నల్లజాతి ఇంజినీర్ని పెట్టండి. ఇద్దరూ పనిచేసే మన ఇళ్ల పక్కన ఒక్కరే సంపాదించే ఇల్లు పెట్టకండి. న్యూజెర్సీ, బే ఏరియా ఇంటద్దెలు కట్టే వాడి జీతాన్ని అలబామా జీతంతో కొలవకండి. అప్పుడూ తేడా మిగిలితే, ఆ తేడా ఎందుకో మాట్లాడుకుందాం.

నేను కోరేవి ఇవి.

1. వచ్చే సావనీర్ నుంచీ, స్లైడ్ల నుంచీ ఆ ర్యాంకుల చార్టు తీసేయాలి. వేయక తప్పదంటే ప్రతి గీత పక్కనా ఆ సమూహం ఏ దారిన వచ్చింది, వచ్చేనాటికి ఎంతమందికి డిగ్రీ ఉంది అన్నది కూడా అచ్చు వేయాలి. సగం పేజీ చాలు. నగల ప్రకటన ఒకటి తగ్గితే సరిపోతుంది.

2. హెల్ప్‌లైన్‌కు ఏడాదిలో ఎన్ని ఫోన్లొచ్చాయి, ఎందుకొచ్చాయి అన్న లెక్క, పేర్లు లేకుండా, ప్రతి ఏటా ప్రచురించాలి. మృతదేహాలు పంపినవి, గృహహింస, జీతం ఎగ్గొట్టినవి, ఫీజు కట్టలేనివి, అన్నీ విడివిడిగా. మన పరిస్థితి ఏమిటో ఆ పట్టిక చెబుతుంది.

3. హెచ్-1బీ ఉద్యోగిని పనివ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాలని చట్టం ఉంది. అది ఎగ్గొట్టి లేబర్ శాఖ ముందు దోషిగా తేలిన కంపెనీల నుంచి స్పాన్సర్‌షిప్ తీసుకోబోమని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఈ కోరిక దగ్గరే మీకు ఎక్కువ ఇబ్బంది అని తెలుసు.

4. డిసెంబరులో మన ఊళ్లలో చేసే సేవా కార్యక్రమాల్లో, కంటి శిబిరాలతో పాటు, అమెరికా చదువు అప్పుల మీద, వీసా నిబంధనల మీద తెలుగులో ఒక పూట ఉచిత సలహా పెట్టాలి. కన్సల్టెన్సీల ఏజెంట్లను వేదిక ఎక్కించకుండా.

5. మహాసభల్లో యువజన కార్యక్రమానికి పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన నల్లజాతి పెద్దల్ని పిలిచి, 1965 కథ వాళ్ల నోటే చెప్పించాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఒక గంట కేటాయించాలి. సినిమా తారల విమానం టికెట్లకయ్యే ఖర్చులో ఇది ఏ మూలకు?

మొదటిదానికి కావాల్సిన లెక్కల్లో చాలావరకు సెన్సస్ బ్యూరో వంటి ప్రభుత్వ సంస్థల దగ్గర ఉచితంగా దొరుకుతాయి, రెండోదానివి మీ హెల్ప్‌లైన్ల దగ్గరే ఉంటాయి. ఆ సగం పేజీ నేనే తయారు చేసి సావనీర్ కమిటీకి పంపుతాను, తప్పులుంటే దిద్దండి. మీ తర్వాతి బోర్డు మీటింగు ఎజెండాలో ఈ ఐదూ పెట్టి, ఏవి ఒప్పుకున్నారో, ఏవి ఒప్పుకోలేదో, ఎందుకో సభ్యులందరికీ తెలిసేలా మినిట్స్‌లో రాయండి. మైకు తీసుకున్న ఆ కుర్రాడు ఇంకో రెండేళ్లలో కాలేజీకి వెళ్తాడు. వచ్చే మహాసభలకు వాడిని మళ్లీ పిలవండి, ఈసారి వేదిక మీద ఎవరో ఒకరు జవాబు చెప్పండి.

నమస్కారాలతో,
ఒక జీవిత సభ్యురాలు
ఎడిసన్, న్యూజెర్సీ